మూడు పుల్లల స్వామి

మద్దిలేటికి కూర్చోవడం రాలేదు. ఏడేళ్ళుగా అతని బాధ అదొక్కటే.

కూర్చోవడం అంటే ఊరికే కూలబడటం కాదు. పత్తికొండ దారిలో ఎర్రగుట్ట కింద సుంకన్న సామి ఆశ్రమం ఉంది. అక్కడ కళ్ళు మూసుకుని కూర్చున్నాక ఈగ వాలినా తోలకూడదు, కాలు తిమ్మిరెక్కినా కదపకూడదు. ఎంతసేపు అని అడిగితే గంటల్లో చెప్పే దిక్కు లేదు. ఆశ్రమంలో గడియారం లేదు. ఉంటే అందరూ దాని ముఖమే చూస్తూ కూర్చుంటారని సామి ఎప్పుడో తీయించేశాడు.

అక్కడ గడియారం అగరుబత్తి పుల్లే. అందరి వీపుల వెనక గోడలో ఒక గూడు, ఆ గూట్లో ఇసుక పోసిన ఇత్తడి చెంబు. నల్లటి మందు ఎక్కడ మొదలవుతుందో అక్కడిదాకా పుల్లను ఇసుకలో దించి సామి తన చేత్తోనే వెలిగిస్తాడు. ఆరిపోగానే చెంబు మీద గరిటెతో ఒక్క దెబ్బ. అంటే ఒక పుల్ల అయిందన్నమాట.

అందుకని అక్కడి మాటలన్నీ పుల్లల్లోనే. "నిన్న అర పుల్లకే లేచినా" అంటాడు ఒకడు. "జ్వరం వచ్చినాక ముక్కాలు పుల్ల కంటే నిలవలేకుండా ఉండా" అంటుంది ఇంకొకామె. కొత్తగా వచ్చినవాళ్ళకు వంటచెరుకు గురించి మాట్లాడుతున్నారేమో అనిపిస్తుంది.

వరసగా మూడు పుల్లలు కదలకుండా కూర్చున్నవాడి భుజానికి సామి కాషాయ జోలె తగిలిస్తాడు. జోలె పడినవాడు బయటి ఊళ్ళో పదిమందిని కూర్చోబెట్టి నేర్పవచ్చు. పత్తికొండలో కొత్తగా ధ్యానమందిరం కట్టి, సున్నాలు కొట్టి, నేర్పే మనిషి కోసం ఎదురుచూస్తున్నారు. మద్దిలేటి కన్ను దాని మీదే. బేతంచెర్లలో బండల పాలిష్ పని వదిలేసి, చెల్లెలు ఏడుస్తున్నా వినకుండా వచ్చినవాడు అతను. ఏడేళ్ళకు కూడా భుజం ఖాళీగా ఉంటే ఎవరికి మాత్రం చిన్నతనంగా ఉండదు?

రెండు పుల్లల దాకా అతనికి తిరుగులేదు. బండలాగా కూర్చునేవాడు. రెండో దెబ్బ మోగి ఊపిరి పదిసార్లు తీసుకునేసరికి అన్నీ కట్టగట్టుకుని వచ్చి మీద పడేవి. మోకాలు సలుపు, వీపు మీద దురద, మధ్యాహ్నం చారులో ఉప్పు తక్కువైన సంగతి, చెల్లెలి పెళ్ళిలో బావ అన్న మాట. కళ్ళు వాటంతట అవే తెరుచుకునేవి. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

అట్లాంటిది, ఆ శ్రావణంలో ఒక తెల్లవారుజామున అద్భుతం జరిగింది.

మొదటి దెబ్బ మోగింది. అప్పుడేనా అనుకున్నాడు మద్దిలేటి. రెండో దెబ్బ మోగింది. ఇంక మోకాలు మొదలుపెడుతుంది చూడు అనుకున్నాడు. మోకాలు మొదలుపెట్టలేదు. దురద లేదు. చారు లేదు. బావ లేడు. చల్లగా, హాయిగా, ఊపిరి ఒక్కటే వస్తూ పోతూ ఉంది. ఇది నేనేనా అని లోపల ఆశ్చర్యపోతూ ఉండగానే మూడో దెబ్బ కూడా మోగింది.

మద్దిలేటి కళ్ళు తెరిచాడు. లేచాడు. ఏం చేయాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. మళ్ళీ లేచి వంటింట్లోకి ఒక్క పరుగు తీశాడు.

"అక్కా! మూడు! మూడు పుల్లలు!"

వంట చేసే ఎల్లమ్మక్క చేతిలో గరిటె పట్టుకునే వెనక్కి తిరిగింది. ఆశ్రమానికి సరుకులు తెచ్చేదీ వండేదీ పెట్టేదీ ఆమే. మనిషి కొంచెం గట్టిది, అంత తేలిగ్గా పొంగిపోదు. అట్లాంటి ఎల్లమ్మక్క ముఖం చింకి చాటంత అయింది.

"నువ్వొక్కడివే అనుకుంటాండావా? నేను నిన్న ఒక పుల్ల కూర్చున్నానప్పా! జన్మలో మొదటిసారి! ఎవురికీ చెప్పలేదు, దిష్టి తగుల్తాదని."

ఆమె కడుపులో దాచుకున్నది బయటపడగానే ఒక్కొక్కరే విప్పారు. సున్నపురాయి లారీ నడిపే హుసేనప్ప, గురువారం గురువారం వచ్చి కూర్చున్న చోటే గురకపెట్టే మనిషి, అతను రెండు పుల్లలు కూర్చున్నాడట, మెలకువగా! జ్వరం వచ్చిన ఆమె ముక్కాలు నుంచి ఒకటికి ఎక్కింది. వారం తిరిగేసరికి ఆశ్రమం ఆశ్రమమంతా పండగ చేసుకుంటూ ఉంది. ఎవరిని కదిలించినా కళ్ళలో వెలుగే. ఈ శ్రావణంలో ఏదో ఉంది అన్నారు కొందరు. గుట్ట మీద గాలి మారింది అన్నారు ఇంకొందరు. సామి తపస్సు పండి అందరికీ పంచుతున్నాడని హుసేనప్ప తేల్చేశాడు. పైకి ఏమన్నా, లోపల ఎవరికి వాళ్ళు ఇది నా ఘనతే అనుకున్నారు. మనిషన్నాక అనుకోడా మరి?

సామి మాత్రం ఎప్పటిలాగే ఉన్నాడు. రోజూ పుల్ల వెలిగించాడు, రోజూ దెబ్బ కొట్టాడు.

పది రోజులు వరసగా మూడు పుల్లలు కూర్చున్నాక మద్దిలేటి సామి ముందు నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు కానీ కాళ్ళు ఒకచోట నిలవడం లేదు.

"సామీ, మూడు అయినాయి. పది దినాలుగా అవుతాండాయి."

"విన్యా."

"మరి జోలె?"

సామి అతని ముఖంలోకి కాసేపు చూశాడు. "గురువారం పెట్టుకుందాము" అన్నాడు.

మద్దిలేటి ఆ మధ్యాహ్నం అన్నం తినలేదు. ఆకలి వేయలేదు. బేతంచెర్లకు ఫోన్ చేసి చెల్లెలికి చెప్పాడు. ఆమె ఏడ్చింది, ఈసారి సంతోషంతో. పత్తికొండ వాళ్ళు జీపు వేసుకుని వచ్చి దండం పెట్టి పోయారు. హుసేనప్ప తన సొంత డబ్బుతో ఫ్లెక్సీ అచ్చు వేయిస్తానని బయలుదేరాడు.

బుధవారం పొద్దున సామి పిలిచాడు. "మద్దిలేటీ, రేపటికి పుల్లలు లేవు. పత్తికొండకు పోయి తెస్తావా?"

పుల్లలు తెచ్చేది ఎప్పుడూ ఎల్లమ్మక్కే. అయినా మద్దిలేటికి ఆ ఆలోచన రాలేదు. ఆ రోజు సామి చంద్రుడిని తెమ్మన్నా నిచ్చెన ఎక్కేవాడు.

పత్తికొండ బజారులో ఆశ్రమం ఖాతాగా కొనే అంగడి దగ్గరికి పోయేసరికి అక్కడ పెద్ద గోల. పంతులమ్మ సరోజనమ్మ, చీర కొంగు బొడ్లో దోపుకుని, శెట్టి మీదికి లేచింది. బల్ల మీద ఒక గిన్నె. గిన్నెలో ఉడికీ ఉడకని కందిపప్పు.

"మూడు వారాలుగా ఇదే వరస శెట్టీ! నీ పప్పు ఉడికి చావదు. మా ఆయన నన్ను తిడ్తాడు, నేను మా అత్తను తిడ్తా, మా అత్త పొయ్యిని తిడ్తాది. రాళ్ళు అమ్ముతాండావా, పప్పు అమ్ముతాండావా?"

శెట్టికి రోషం వచ్చింది. పప్పు మీద మాట పడితే ఊరుకునే మనిషి కాడు. "అమ్మా, నా పప్పు రెండు విజిళ్ళకు వెన్న అయితాది. ఎంతసేపు పెడ్తాండావు?"

"కుక్కరు మా అత్తకు పడదు, కుండలోనే. ఒక పుల్ల సేపు."

మద్దిలేటి ఉలిక్కిపడ్డాడు. పుల్లల లెక్క ఆశ్రమం గోడల బయట కూడా ఉందని అతనికి తెలియదు.

"దేవుని దగ్గర పుల్ల వెలిగిస్తా, పప్పు పొయ్యి మీద పెడ్తా" అంది సరోజనమ్మ. "పూజ అయి పుల్ల ఆరేసరికి పప్పు మెత్తగా ఉడికి ఉంటాది. ఇరవై ఏండ్లుగా అంతే. ఏనాడూ తప్పలేదు, ఈ మూడు వారాలు తప్ప!"

శెట్టి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే తన గల్లాపెట్టె మీద దేవుడి పటం దగ్గర ఉన్న పాత అగరుబత్తి అట్టపెట్టె తీశాడు. లోపల ఒకే ఒక్క పుల్ల మిగిలి ఉంది. రెండో చేత్తో అరలోంచి కొత్త పెట్టె తీసి చించాడు. రెండింటి మీదా మూడు కలువల బొమ్మే. కొత్తది బంగారు రంగులో తళతళలాడుతూ ఉంది. ముందర పెద్ద అక్షరాలు: కొత్తది! మరింత పరిమళం!

"చూడు తల్లీ" అని రెండు పుల్లలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాడు.

పుల్ల పొడుగు అంతే. పెట్టె పొడుగు అంతే. కానీ పాత పుల్లకు కింద పట్టుకునేంత మటుకే వట్టి వెదురు, మిగతాదంతా మందు. కొత్త పుల్లకు మందు ఎక్కడో సగం పైన మొదలైంది.

"ధర పెంచితే మీరు కొట్లాటకు వస్తారు. అందుకని పుల్ల తగ్గించినారు" అన్నాడు శెట్టి. "ఇదొక్కటేనా? సబ్బు నడుము చూడు, ఎట్ల సన్నబడిందో. ఈ కొబ్బరినూనె సీసా అడుగు చెయ్యి పెట్టి చూడు, లోపలికి గుంత. చిప్స్ పొట్లం పిసుకు, సగం గాలే. మా పప్పు ఒక్కటే తల్లీ, తూకం వేసి ఇచ్చేది!"

సరోజనమ్మ కొత్త పుల్ల తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "అయ్యో, మా అత్తను ఎన్ని మాటలన్యానో!" అని తల పట్టుకుంది. మరుక్షణమే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "వీళ్ళను ఊరికే ఇడిచిపెట్టేది లేదు. బళ్ళో పిల్లోళ్ళ చేత వంద కార్డులు రాయిస్తా కంపెనీకి!"

మద్దిలేటికి ఇవేవీ వినపడటం లేదు. అతను బల్ల మీదికి వంగి వేళ్ళతో కొలుస్తున్నాడు. పాత పుల్లకు మందు తొమ్మిది వేళ్ళు. కొత్త పుల్లకు ఆరు. మళ్ళీ కొలిచాడు. ఆరే. మూడు ఆర్లు పద్దెనిమిది. రెండు తొమ్మిదులు పద్దెనిమిది.

మూడు కొత్త పుల్లలంటే రెండు పాత పుల్లలు. ఏడేళ్ళుగా ఎక్కడ ఆగిపోతున్నాడో సరిగ్గా అక్కడే. ఒక్క ఊపిరి ముందుకు పోలేదు, ఒక్క ఊపిరి వెనక్కి రాలేదు.

తల కొట్టేసినట్టయింది. పప్పుకు తెలిసిన సంగతి తనకు తెలియలేదు. అంగట్లో నిలబడి ఏడవలేక, కొత్త పెట్టెలు రెండు, శెట్టిని బతిమాలి ఆ పాత పెట్టె ఒకటి, సంచిలో వేసుకుని ఆటో ఎక్కాడు.

దారి పొడుగునా మనసు ఒకటే లొడలొడ. ఎవరికి తెలుసు? పంతులమ్మకు పప్పు తెలుసు, ఆశ్రమం తెలియదు. శెట్టికి ఎవరు ఎన్ని పుల్లలు కూర్చున్నారో పట్టదు. పైగా ఇది తను చేసిన మోసమా? తనూ మోసపోయినవాడే! చెబితే పొట్టివయ్యేది తన పుల్లలు మాత్రమేనా? ఎల్లమ్మక్క జన్మలో మొదటి పుల్ల ఏమవుతుంది? హుసేనప్ప రెండు పుల్లలు? ఇంతమంది సంతోషం మీద నీళ్ళు పోయడం ధర్మమేనా? జోలె రానీ, పత్తికొండలో తలుపు వేసుకుని కూర్చుంటే నెలలోపల నిజమైన మూడు పుల్లలు దాటేయడూ! సామికి చెప్పకుండా మాత్రం ఉండలేడు. సామికొక్కడికి చెబుతాను అనుకున్నాక కొంచెం ఊపిరి ఆడింది.

ఆటో ఆగేసరికి ఆశ్రమం గేటు గుర్తుపట్టలేకుండా ఉంది. గేటుకు వేసిన నల్ల పెయింటు ఇంకా ఆరలేదు, పెయింటు డబ్బా అక్కడే ఉంది. గేటు పైన, ఇటునుంచి అటుదాకా ఫ్లెక్సీ! మూడొంతుల ఫ్లెక్సీ మద్దిలేటి ముఖమే. అచ్చు వేసినవాళ్ళు అతని రంగును నాలుగింతలు తెల్లబరిచారు, బుగ్గలు నింపారు, తల వెనక వెలుగుచక్రం కూడా పెట్టారు. పైన బంగారు అక్షరాలు: మూడు పుల్లల స్వామి శ్రీ మద్దిలేటి గారికి స్వాగతం!

"ఎట్లుంది సామీ?" నిచ్చెన మీదినుంచి హుసేనప్ప కేక వేశాడు. నిన్నటిదాకా అతను 'ఏమప్పా మద్దిలేటీ' అనేవాడు. ఈరోజే సామీ అయ్యాడు. మద్దిలేటి తల ఊపి లోపలికి జారుకున్నాడు.

సుంకన్న సామి వంటింటి వెనక వేపచెట్టు నీడలో కూర్చుని జోలె కుడుతున్నాడు. సన్యాసానికి ముందు ఆయన ఆదోనిలో టైలరు. చూపు తగ్గింది. సూదిలో దారం ఎల్లమ్మక్క ఎక్కించి ఇస్తుంది. కుట్టడం మాత్రం వేళ్ళకే వదిలేశాడు.

మద్దిలేటి చుట్టూ చూశాడు. ఎల్లమ్మక్క రోటి దగ్గర పాట పాడుకుంటూ ఉంది. అతను సామి పక్కన గొంతుకూర్చుని, చెవి దగ్గరికి నోరు పెట్టి, అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. పప్పు, పుల్ల, తొమ్మిది వేళ్ళు, ఆరు వేళ్ళు, మూడంటే రెండే.

సామి కుట్టు ఆపలేదు.

"మీకు తెల్సునా సామీ?"

"వెలిగించేది నేనే గదా నాయనా. ముప్పై ఏండ్లు గుడ్డ కొలిచిన వేళ్ళు ఇవి. మొదటి దినమే తెల్సింది."

"మరి ఒక్క మాట చెప్పలేదే!"

"ఏడేండ్లకు నువ్వు నవ్వుతా లేచినావు. చెప్పబుద్ధి కాలేదు."

మద్దిలేటి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇప్పుడేమి చేద్దామంటావు?" అన్నాడు సామి.

మద్దిలేటి ఇంకా దగ్గరికి జరిగాడు. "మీకు చెప్పేసినా గదా సామీ. దాచలేదు గదా. ఫ్లెక్సీ కట్టినారు, రేపటికి బూందీ చేస్తాండారు, మా చెల్లెలు బస్సెక్కింది. రేపటికి ఇట్లే కానిద్దాము. నెలలోపల మూడు పాత పుల్లలు కూర్చుని చూపిస్తా. ఒట్టు."

సామి కుట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు. సంచిలోంచి కొత్త పెట్టె తీసి చేతుల్లో తిప్పాడు.

"దీంట్లో ఎంత ఉందో కంపెనీ వాళ్ళు రాసినారా?"

"రాసింటారు సామీ."

"యాడ? నాకు ఆనదు, చదువు."

మద్దిలేటి పెట్టె తిప్పాడు. ముందర కలువలు, వెనక కలువలు, పక్కన పరిమళం గురించి పద్యమంత పొడుగు పొగడ్త. బరువు ఎక్కడా లేదు. ఎండలోకి పోయి వెతికాడు. చివరికి అట్ట మడత విప్పితే, జిగురు పూసిన చోటికి ఆనుకుని, చీమ తలకాయలంత అక్షరాలు కనిపించాయి.

"నికర బరువు నలభై గ్రాములు."

"పాతదాని మీద?"

"అరవై." అది మాత్రం పెట్టె నెత్తి మీదే, ఎవరికైనా కనిపించేట్టు ఉంది.

"అయితే తగ్గించినట్లు రాసినారు గదా" అన్నాడు సామి, సూది గుచ్చుతూ. "దాచలేదు గదా."

మద్దిలేటికి ఒళ్ళు మండింది. పొద్దుటినుంచి లోపల ఉడుకుతున్నదంతా ఒక్కసారి పైకి వచ్చింది.

"ఇది రాయడమా సామీ! మడత కింద, జిగురు పక్కన! ముందరేమో బంగారు రంగులు, పూలు, మరింత పరిమళమని అరచేతి మందాన అక్షరాలు! గొప్పలు ఊరంతటికీ కనపడేట్లు రాసుకుని, నిజం మాత్రం ఎవురి కంటా పడని మూలన గుసగుసగా చెప్పి, మేము దాచలేదు గదా అంటే... అది చెప్పినట్లేనా? అంతకంటే..."

ఆ మాట అక్కడే ఆగిపోయింది.

సామి తల ఎత్తలేదు. సూది పైకి వచ్చింది, కిందికి పోయింది. రోటి దగ్గర ఎల్లమ్మక్క పాట వినిపిస్తూ ఉంది. గేటు దగ్గర హుసేనప్ప ఎవరితోనో, ఇంకా పైకి, ఇంకా పైకి, మద్దిలేటి సామి ముఖం మైలు దూరానికి ఆనాల, అని అరుస్తున్నాడు.

మద్దిలేటి పెట్టెను కింద పెట్టాడు. తర్వాత లేచి గేటు వైపు నడిచాడు. నడక కాస్తా పరుగైంది.

"దిగు హుసేనప్పా" అన్నాడు.

హుసేనప్ప దిగాడు. నల్ల పెయింటు డబ్బా, కుంచె పట్టుకుని మద్దిలేటి నిచ్చెన ఎక్కాడు. తాళ్ళు సవరిస్తాడేమో అనుకుని కింద నలుగురూ నిచ్చెన పట్టుకున్నారు. ఫ్లెక్సీ కింది మూలన, అచ్చాఫీసు ఫోన్ నంబరు పక్కన జానెడు ఖాళీ ఉంది. అక్కడ కుంచె ఆనించి సన్నగా రాయడం మొదలుపెట్టాడు: మూడు పుల్లలు కాదు, రెం...

"ఏమి రాస్తాండావు నాయనా?"

మద్దిలేటి తల తిప్పి చూశాడు. కింద సామి. సగం కుట్టిన జోలె భుజాన వేసుకుని, సూది దానికే వేలాడుతూ ఉండగా, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తున్నాడు. ఆయన వెనక ఎల్లమ్మక్క, పిండి చేతులతో.

"నిజం రాస్తాండా సామీ."

సామి రెండడుగులు ముందుకు వచ్చాడు. కళ్ళు చికిలించాడు. మళ్ళీ రెండడుగులు వేశాడు.

"నాకు కనపడ్లేదే" అన్నాడు.

మద్దిలేటి మూలన తను రాసిన ముక్క చూసుకున్నాడు. తర్వాత ఫ్లెక్సీ అంతా ఒకసారి చూశాడు. ఆ పెద్దాయనకు కనపడేంత అక్షరాలు పట్టే చోటు దాని మీద ఒక్కటే ఉంది. తెల్లగా, నిండుగా, వెలుగుచక్రం మధ్యలో చిరునవ్వు నవ్వుతూ ఉంది.

కుంచెను డబ్బాలో నిండా ముంచాడు. నిచ్చెన ఇంకో రెండు మెట్లు ఎక్కాడు. నుదుటికి అడ్డంగా, ఈ చెవి పైనుంచి ఆ చెవి పైదాకా, మొదటి మాట దించాడు.

"అయ్యయ్యో, ఏమి సామీ ఇది!" హుసేనప్ప గావుకేక పెట్టాడు. "దిగప్పా, దిగు!" అని ఎవరో నిచ్చెన ఊపారు. రోడ్డు మీద పోయే ఆటో ఆగింది. మద్దిలేటి ఆగలేదు. రెండో మాట బుగ్గల మీదికి పోయింది, మూడోది గడ్డం మీదికి. పెయింటు మోచేతి దాకా కారుతూ ఉంది. ఒళ్ళంతా తేలికైపోయి, ఏడేళ్ళలో ఎప్పుడూ లేనంత ఆనందంగా ఉంది అతనికి. కింద ఎల్లమ్మక్క గట్టిగా కూడబలుక్కుని చదువుతూ ఉంది: మూడు... కాదు... రెండే. చదవడం పూర్తి కాగానే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మద్దిలేటి కిందికి చూశాడు. ముఖమంతా నల్ల చుక్కలు.

"ఇప్పుడు కనపడ్తాండానా సామీ?"

సామి కళ్ళ మీదినుంచి చెయ్యి తీశాడు.

"కనపడ్తాండావు నాయనా" అన్నాడు.